కాగితం అడిగితే బండను కత్తిరించిన కోడు

"ఏమప్పా, కాగితం అడిగితే బండను కత్తిరించి పంపినావే!"

కర్నూలు నుంచి గుమస్తా అన్న ఫోను. వాట్సాప్ తెరిచి చూస్తే నిజమే. నేను రాసిన కంప్యూటర్ కోడు ఎంతో శ్రద్ధగా ఒక నాపబండను పట్టుకుని, దాని నాలుగు మూలలూ తొంభై డిగ్రీలకు తెచ్చి, చక్కగా చదును చేసి పెట్టింది. ఆ బండ మధ్యలో ఎవరిదో పాత విక్రయ దస్తావేజు, చిన్నగా, కాస్త పక్కకు తిరిగి పడుకుని ఉంది. నవ్వొచ్చింది, టెన్షనూ వచ్చింది, ఎందుకంటే అంతకుముందు రోజే "అంతా అయిపోయింది సార్, రేపటి నుంచి వాడుకోవచ్చు" అని చెప్పి ఉన్నాను.

పని ఇది. కర్నూలులో ఒక లాయర్ సార్ ఆఫీసు. ఎక్కువగా భూమి తగాదాలు. పార్టీలు డోన్, బనగానపల్లె, బేతంచెర్ల చుట్టుపక్కల పల్లెల నుంచి లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, పాసు పుస్తకాలు, శిస్తు రసీదులు ఫోనులో ఫొటో తీసి పంపిస్తారు. కాగితం నేల మీద, మనిషి నిలబడి, ఫోను వంచి తీసిన ఫొటో కాబట్టి కింది అంచు వెడల్పుగా, పై అంచు ఇరుగ్గా వస్తుంది. సార్‌కు కావాల్సింది ఆ కాగితం జిరాక్స్ తీసినట్టు నేరుగా, ఫైల్లో పెట్టి చదువుకునేలా. స్కానర్ యాప్‌లు ఉన్నాయి కదా అంటే ఉన్నాయి, గుమస్తా అన్న అంతకుముందు వాటితోనే చేసేవాడు. కానీ రోజుకు ముప్పై నలభై వస్తుంటే ఒక్కొక్కటీ చేతితో చేయడం కష్టం, పైగా పార్టీల ఆస్తి కాగితాలు ఏ కంపెనీ సర్వర్‌కు పోతున్నాయో తెలియని యాప్‌లో పెట్టడం సార్‌కు అసలు ఇష్టం లేదు. ఆఫీసులో ఉన్న కంప్యూటర్‌లోనే నడిచేలా చేసిపెట్టు అన్నారు. పైథాన్ భాష, ఫొటోలతో పనిచేసే లైబ్రరీ ఓపెన్‌సీవీ, బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక చిన్న పేజీ, అంతే సరంజామా.

నేనుండేది కడపలో. మా ఇంట్లో నేలంతా కడప బండ, నల్లటిది. ఆ నేల మీద తెల్ల కాగితం పెట్టి ఎన్ని రకాలుగా వంచి తీసినా నా కోడు ఒక్కసారి కూడా తప్పలేదు. కర్నూలు వైపు ఇళ్లలో ఎక్కువగా ఉండేది బేతంచెర్ల బండలు, లేత రంగువి. పాలిష్ పెట్టిన ఆ లేత బండ మీద తెల్ల కాగితం అంచు కంటే, రెండు బండల మధ్య సిమెంటు నింపిన సందు ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. మనిషి కంటికి కాదు, కోడుకు. నేను పరీక్షించింది కోడును కాదు, మా ఇంటి నేలను. అది అర్థం కావడానికి ఆ ఫోను రావాల్సి వచ్చింది.

లెక్క సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ భయపడేది దానికే గానీ ఈ మొత్తం పనిలో అదే అన్నింటికంటే తేలిక. గుంతకల్లు స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర నిలబడి చూస్తే రైలు పట్టాలు దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్నట్టు కనిపిస్తాయి కదా, వంచి తీసిన ఫొటోలో కాగితం అంచులకు జరిగేదీ అదే. తిప్పడం, సాగదీయడం, పక్కకు వాల్చడం వరకే చేసే అఫైన్ మార్పు సమాంతర గీతలను సమాంతరంగానే ఉంచుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. కావాల్సింది హోమోగ్రఫీ, అంటే 3 అడ్డ వరుసలు, 3 నిలువు వరుసల మాట్రిక్స్. అందులో 9 అంకెలు ఉన్నా మొత్తాన్ని సున్నా కాని దేనితో గుణించినా ఫలితం మారదు కాబట్టి నిజంగా తెలియాల్సినవి 8. ఫొటోలో ఒక మూల ఎక్కడుందో, అది సరిచేసిన బొమ్మలో ఎక్కడికి పోవాలో చెబితే రెండు సమీకరణాలు వస్తాయి. నాలుగు మూలలకు ఎనిమిది. ఓపెన్‌సీవీలో గెట్ పర్‌స్పెక్టివ్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఫంక్షన్ ఆ మాట్రిక్స్ ఇస్తుంది, వార్ప్ పర్‌స్పెక్టివ్ అనేది బొమ్మను తిప్పి ఇస్తుంది. ఇది కొత్త బొమ్మలో ఒక్కొక్క పిక్సెల్ దగ్గర నిలబడి "నేను పాత ఫొటోలో ఎక్కడి నుంచి రావాలి" అని వెనక్కి అడుగుతూ పోతుంది, అందుకే ఫలితంలో చిల్లులు పడవు. రెండు లైన్ల కోడు. ఆ నాలుగు మూలలు ఎక్కడున్నాయో ఎవరు చెప్పాలి అనేదే మిగతా రెండు నెలల పని.

మొదటి వెర్షన్ అందరూ రాసేదే. ఫొటోను 500 పిక్సెళ్ల ఎత్తుకు కుదించి, నలుపు తెలుపు చేసి, కాస్త మసక చేసి, క్యానీతో అంచులు తీసి (జాన్ క్యానీ 1986లో ఇచ్చిన పద్ధతి, ఇప్పటికీ అందరం దానిమీదే బతుకుతున్నాం), ఆ అంచుల్లో కాంటూర్లు (ఆకారాల చుట్టుగీతలు) వెతికి, ఒక్కొక్క కాంటూర్‌ను డగ్లస్ పాయికర్ పద్ధతిలో దాని చుట్టుకొలతలో నూటికి రెండు వంతుల తేడా వరకు సరళం చేసి, నాలుగు మూలలు మిగిలినవాటిలో అన్నింటికంటే పెద్దదాన్ని కాగితం అనుకోవడం. పెద్దదే కాగితం అనే ఆ ఊహ దగ్గరే బండ దూరింది. రెండడుగుల బండకు నాలుగు మూలలు ఉంటాయి, నాలుగు తిన్నని అంచులుంటాయి, కాగితం కంటే పెద్దది కూడా. కోడు చెప్పిన మాట విన్నది, అంతే.

ముందు రంగుతో ప్రయత్నించాను. కాగితం తెల్లగా ఉంటుంది కదా, తెల్లగా ఉన్నచోటు వెతుకుదాం అని. పాత దస్తావేజులు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి, కొన్ని లేత ఆకుపచ్చ పేపర్లు, బండేమో తెల్లన. ఒక రోజు వృథా. తర్వాత క్యానీ హద్దుల అంకెలు ఫొటో ఫొటోకూ మారుస్తూ ఇంకో రెండు రోజులు. ఒకదానికి సరిపోయిన అంకె పక్కదానికి సరిపోదు, ఇది ఎలుకను పట్టడానికి ఇల్లంతా తవ్వడం లాంటిది.

దారి దొరికింది కంప్యూటర్ ముందు కాదు. గచ్చు మీద కూర్చుని అన్నం తింటూ నేల వైపు చూస్తుంటే తట్టింది. బండ సందు మూల దగ్గర ఆగదు. నాలుగు బండలు కలిసే చోట సందులు ప్లస్ గుర్తులా ఒకదాన్నొకటి దాటి పోతాయి. కాగితం అంచు మాత్రం మూల దగ్గర ఆగి మలుపు తిరుగుతుంది. కాబట్టి చతుర్భుజం దొరికాక ఒక్కొక్క అంచునూ రెండు వైపులా దాని పొడవులో పదో వంతు బయటికి పొడిగించి, ఆ పొడిగించిన దారిలో అంచు పిక్సెళ్లు ఉన్నాయా లేవా చూశాను. ఎనిమిది పొడిగింపుల్లో కనీసం నాలుగింటిలో గీత కొనసాగుతుంటే అది బండ, పక్కన పడేయి. ఆగిపోతే కాగితం అయ్యే అవకాశం ఉంది. ఇటుక వరసలా ఒకటి మార్చి ఒకటి పరిచిన నేలల్లో ప్లస్ బదులు టీ ఆకారం వస్తుంది, అక్కడా సగం పొడిగింపులు దొరుకుతాయి కాబట్టి నడిచింది. దీనికి తోడు ఇంకో చిన్న మార్కు పెట్టాను: చతుర్భుజం లోపల రాత ఉండాలి, అంటే చిన్న చిన్న అంచులు లోపల దట్టంగా, చుట్టూ బయట పలచగా ఉండాలి. అన్నింటికంటే పెద్దదాన్ని కాకుండా అన్నింటికంటే ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని తీసుకోవడం మొదలుపెట్టాక బండలు రావడం దాదాపు ఆగిపోయింది.

ఆ తర్వాత నులకమంచం వచ్చింది. పల్లెల నుంచి వచ్చే ఫొటోల్లో నేల కాకపోతే మంచం. నులక అల్లిక మీద క్యానీ నడిపితే తెర మొత్తం తెల్లటి పేలప్పిండి. అక్కడ కుదించిన ఫొటో మీద మీడియన్ ఫిల్టర్ (ఒక్కొక్క పిక్సెల్ స్థానంలో చుట్టుపక్కలవాటి మధ్య విలువ పెట్టేది) పెద్దది వేసి, ఆపైన మార్ఫాలజీ క్లోజింగ్ (చిన్న చిన్న నల్ల సందులు పూడ్చేది) చేస్తే అల్లికా పోతుంది, కాగితం మీది అక్షరాలూ పోతాయి, కాగితం ఒక ఖాళీ ముక్కలా మిగులుతుంది. మూలలు వెతకడానికి మనకు అక్షరాలతో పని లేదు కదా. లోపల రాత ఉందా అని చూసే మార్కుకు మాత్రం ఫిల్టర్ వేయని బొమ్మ వాడాలి, అది మరిచిపోయి ఒక పూట తల పట్టుకున్నాను.

ఇంకొకటి బొటనవేలు. గాలికి ఎగరకుండా కాగితాన్ని ఒక చేత్తో అదిమి రెండో చేత్తో ఫొటో తీస్తారు. అప్పుడు కాంటూర్‌కు నాలుగు మూలలు కాదు, ఆరో ఏడో వస్తాయి, కోడు చేతులెత్తేస్తుంది. మూల చెవి మడతపడి ఉన్నా అంతే. అందుకని మూలల కోసం వెతకడం మానేసి అంచుల కోసం వెతికాను: హఫ్ పద్ధతిలో పొడవైన గీతలు తీసి, అడ్డంగా ఉన్నవి కొన్ని, నిలువుగా ఉన్నవి కొన్ని జతలు కట్టి, అవి ఖండించుకునే చోటును మూల అనుకోవడం. వేలు మూలను కప్పేసినా రెండు అంచులూ వేలికి అటూ ఇటూ కనిపిస్తుంటాయి కాబట్టి మూల ఎక్కడుండాలో లెక్క చెబుతుంది. నా దృష్టిలో ఎవరైనా కొత్తగా మొదలుపెడితే కాంటూర్లతో కాకుండా నేరుగా ఇక్కడినుంచే మొదలుపెట్టడం మంచిది.

మూలల వరుస సంగతి చిన్నదే అయినా చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి పాఠంలోనూ ఒకే చిట్కా ఉంటుంది: (బొమ్మలో వై పైనుంచి కిందికి పెరుగుతుంది) ఎక్స్, వై కలిపితే అన్నింటికంటే తక్కువ వచ్చేది పై ఎడమ మూల, ఎక్కువ వచ్చేది కింది కుడి, వైలోంచి ఎక్స్ తీసేస్తే తక్కువ వచ్చేది పై కుడి, ఎక్కువది కింది ఎడమ. కాగితం కాస్త అటూ ఇటూ ఉన్నంతవరకు బాగుంటుంది. ఇప్పుడు కాగితం సరిగ్గా వజ్రం గుర్తులా తిరిగి ఉందనుకోండి, మూలలు (500, 100), (900, 500), (500, 900), (100, 500). మొత్తాలు వరసగా 600, 1400, 1400, 600. తేడాలు మైనస్ 400, మైనస్ 400, 400, 400. సమానమైనప్పుడు మొదటిదాన్ని తీసుకుంటుంది కాబట్టి 500, 100 అనే మూల పై ఎడమగానూ, పై కుడిగానూ రెండుసార్లు వస్తుంది, 100, 500 అనేది ఎక్కడా రాదు. ఫలితం ఒక నల్లటి ముక్క. నాలుగింటి మధ్య బిందువు తీసి, దాని చుట్టూ కోణం ప్రకారం వరుస పెడితే ఈ గొడవ ఉండదు. ఏది పైభాగం అన్నది మాత్రం కోణం చెప్పదు, దానికి పేజీలో తిప్పే బటన్ ఒకటి పెట్టి వదిలేశాను.

ఒక సమస్యను తీర్చబోయి ఇంకోదాన్ని నేనే తెచ్చుకున్న ముచ్చట కూడా ఉంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. పొడవు 1600 పిక్సెళ్లకు వచ్చిన ఫొటోలో కాగితం ముప్పావు వంతు ఉందనుకుంటే 1200 పిక్సెళ్లు. లీగల్ సైజు కాగితం పొడవు 14 అంగుళాలు. అంటే అంగుళానికి 86 పిక్సెళ్లు కూడా లేవు, మామూలు స్కాన్ 300 ఉంటుంది. అదీ సగటున, వంచి తీసిన ఫొటోలో దూరంగా ఉన్న పై భాగానికి ఇంకా తక్కువ వస్తాయి, సరిచేసినప్పుడు ఆ భాగమే సాగి మసకబారుతుంది. తెలుగు రాతలో ఇది మామూలు దెబ్బ కాదు, గుడి గుడిదీర్ఘం ఒకటైపోతాయి, కింది వత్తు చుక్కలా మిగులుతుంది, చెక్కుబందిలో ఎ.1-05 సెంట్లా, ఎ.1-65 సెంట్లా అని సార్ అద్దం పెట్టి చూడాల్సి వస్తుంది. లేని పిక్సెళ్లను ఏ మాట్రిక్సూ పుట్టించలేదు. కాబట్టి అందరికీ "ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి" అని చెప్పించాం. అప్పుడు అసలు ఫైలు వస్తుంది. దాంతోపాటే ఫోను రాసుకున్న ఎగ్జిఫ్ సమాచారం కూడా వస్తుంది, అందులో ఫొటోను ఎటు తిప్పి చూడాలో చెప్పే గుర్తు ఉంటుంది. ఫొటోగా పంపినప్పుడు అది తుడిచిపెట్టుకుపోయేది కాబట్టి అంతవరకు నాకు దాని జోలే రాలేదు.

ఓపెన్‌సీవీ ఫొటో తెరిచేటప్పుడు ఆ గుర్తు చూసి తనంతట తాను తిప్పేస్తుంది. పిల్లో అనే ఇంకో పైథాన్ లైబ్రరీ తిప్పదు, ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ అని మనం పిలిస్తేనే తిప్పుతుంది. నేను మూలలు వెతికేది ఒకదానితో, చివరి బొమ్మ తీసేది ఇంకోదానితో. నిలువుగా తీసిన ప్రతి ఫొటోలోనూ, దొరికిన అంచులను చూపించడానికి పేజీలో గీసే పచ్చ గీత సరిగ్గా కాగితం చుట్టూ కనిపిస్తుంది, కింద బొమ్మలో మాత్రం మంచం కోడు వస్తుంది. (ఈ మంచం కోడు అనే మాటకు, నా కోడుకు గుమస్తా అన్న ముడిపెట్టి చేసిన వెటకారం ఇక్కడ రాయలేను.) మొదటి అడుగులోనే ఒకసారి తిప్పి, గుర్తు తీసేసి, అక్కడినుంచి అందరికీ అదే బొమ్మ ఇస్తే సరిపోయింది.

అసలు ఫైళ్లు వచ్చాక ఇంకో తప్పు బయటపడింది. 4000 పిక్సెళ్ల ఫొటోను 500కు కుదించి మూల వెతికితే, అక్కడ ఒక్క పిక్సెల్ తప్పు ఇక్కడ ఎనిమిది పిక్సెళ్ల తప్పు. కాగితం అంచున సన్నటి బండ చీలిక ఒకటి మిగిలిపోతూ ఉండేది. కుదించిన బొమ్మలో దొరికిన అంచులకు అటూ ఇటూ సన్నటి పట్టీ తీసుకుని, అసలు సైజులో ఆ పట్టీలోనే గీతను మళ్ళీ సరిచూసుకునేలా మార్చాను. వేగమూ తగ్గలేదు.

సైజు నిష్పత్తి దగ్గర సార్ పట్టుకున్నారు. "కాగితం నేరుగానే ఉంది గానీ అక్షరాలు ఎందుకు పొట్టిగా, లావుగా ఉన్నాయి?" అన్నారు. పై, కింది అంచుల్లో పెద్దదాన్ని వెడల్పుగా, నిలువు అంచుల్లో పెద్దదాన్ని ఎత్తుగా తీసుకోవడం అలవాటైన పద్ధతి. వంచి తీసినప్పుడు నిలువు కొలత కుంచించుకుపోతుంది. కింది అంచు 1560, నిలువు అంచు 1900 పిక్సెళ్లు వచ్చిందనుకుంటే నిష్పత్తి 1.22. ఏ4 కాగితానిది 1.414, లీగల్‌ది 1.647. ఇదే సమస్యకు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో జెంగ్యూ జాంగ్, లీ-వే హీ వైట్‌బోర్డు ఫొటోల కోసం ఒక సూత్రం ఇచ్చారు, నాలుగు మూలల నుంచే కెమెరా ఫోకల్ దూరాన్ని, దాన్నిబట్టి అసలు నిష్పత్తిని రాబట్టవచ్చు. కానీ ఫొటో మధ్య బిందువే లెన్సు మధ్య బిందువు అనేది దాని ఆధారం. మన పార్టీలు ముందే చుట్టూ కత్తిరించి పంపుతారు, అక్కడే ఆ ఆధారం పోతుంది. ఎదురెదురు అంచులు దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు కూడా ఆ లెక్క ఊగిపోతుంది. అందుకని దాన్ని పక్కన పెట్టి పేజీలో మూడు బటన్లు ఇచ్చాను: ఏ4, లీగల్, స్టాంపు పేపరు. స్టాంపు పేపరు కొలత గుమస్తా అన్న స్కేలు పెట్టి కొలిచి చెప్పాడు. కొన్నిచోట్ల సూత్రం కంటే బటనే మేలు.

నలుపు తెలుపు చేయడం గురించి సార్‌తో నాకు చిన్న వాదన జరిగింది. అడాప్టివ్ థ్రెషోల్డ్ (చుట్టుపక్కల వెలుగును బట్టి ఒక్కొక్క పిక్సెల్ నలుపా తెలుపా తేల్చేది) పెడితే కాగితం జిరాక్స్‌లా తెల్లగా, నీడలు లేకుండా వస్తుంది, చూడగానే ముచ్చటేస్తుంది. నేను అదే పెట్టి గొప్పగా చూపించాను. సార్ ఒక్క నిమిషం చూసి, "రిజిస్ట్రార్ ఆఫీసు సీలు ఏదప్పా?" అన్నారు. వెలిసిపోయిన ఊదా రంగు సీలు, పలచటి వేలిముద్ర, వెనకవైపు నుంచి కనిపించే స్టాంపు వెండరు రాత, అన్నీ తెలుపులో కలిసిపోయాయి. నాకవి మరకలు, ఆయనకవే కేసు. రంగు అలాగే ఉంచి, బాగా మసక చేసిన బొమ్మతో అసలు బొమ్మను భాగించి వెలుగు మాత్రం సమం చేసేలా మార్చాను. అందం తగ్గింది, సీలు నిలిచింది.

మడతలు పూర్తిగా తీరలేదు. హోమోగ్రఫీ చదునైన తలానికే వర్తిస్తుంది. ట్రంకుపెట్టెలో ముప్పై ఏళ్లు నాలుగు మడతలతో ఉన్న దస్తావేజు చదునుగా పడుకోదు, గుడారంలా మధ్యలో లేస్తుంది. మడత గీత మీద రెండు బిందువులు అదనంగా పెట్టించి, పై సగానికి ఒక మాట్రిక్సు, కింది సగానికి ఒకటి వాడి అతికిస్తే చాలావరకు నేరుగా వస్తుంది. అతుకు దగ్గర రెండు చివరలూ కలుస్తాయి గానీ మధ్యలో కాస్త తేడా మిగలవచ్చు, ఎందుకంటే ఒక గీత మీద రెండు బిందువులు కలిసినంత మాత్రాన రెండు హోమోగ్రఫీలు ఆ గీతంతా ఒకేలా పంచవు. మడత రెండు వరసల మధ్య పడితే కనపడదు, అక్షరాల మీద పడితే కనపడుతుంది. గుమస్తా అన్న పద్ధతి వేరే, రాత్రంతా కోడ్ పుస్తకాల కింద అణిచి పెట్టడం. సివిల్ ప్రొసీజర్ కోడ్, నా కోడు కాదు.

ఇంత చేసినా పదింట రెండు ఫొటోలకు మూలలు తప్పుగా వచ్చేవి. వాటికి చేతితో లాగే నాలుగు చుక్కలు పెట్టాను. ఫోనులో వాడేటప్పుడు వేలి కిందే మూల దాక్కుంటుంది కాబట్టి, లాగుతున్నప్పుడు ఆ చోటును పెద్దది చేసి తెర పైభాగంలో చూపించే అద్దం పెట్టాకే అది నిజంగా పనికొచ్చింది. చుక్కలు ఒకదాన్నొకటి దాటితే బొమ్మ మెలితిరుగుతుంది, కాబట్టి చతుర్భుజం లోపలికి నొక్కుకుపోకుండా ఉందా అని ఒక తనిఖీ.

ఇక ఆ బండ సంగతి. ఒక రాత్రి పాత తప్పులన్నీ మళ్ళీ చూస్తుంటే, గుమస్తా అన్న తిట్టిన ఆ మొదటి బొమ్మ కంటపడింది. అందులో దస్తావేజు పక్కకు తిరిగి ఉంది, నిజమే, కానీ దాని నాలుగు మూలలూ దాదాపు తొంభై డిగ్రీలే! బండ, కాగితం రెండూ ఒకే తలంలో ఉన్నాయి కాబట్టి బండను సరిచేస్తే దాని మీదున్న కాగితమూ సరైపోయింది, మిగిలింది తిప్పడం మాత్రమే. పైగా బండ రెండడుగులు అని తెలుసు కాబట్టి కాగితం అసలు కొలత కూడా తెలిసిపోతుంది, మూడు బటన్ల అవసరం లేదు. నేను రెండు నెలలుగా తరిమికొడుతున్నదే నాకు కావాల్సిన స్కేలు.

ఆఫీసుకు నేరుగా తెచ్చే కాగితాల కోసం కడప నుంచి ఒక నల్లబండ ముక్క బస్సులో వేసుకుని పోయాను. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. దాని మీద నాలుగు మూలల్లో ఆరుకో గుర్తులు, అంటే కోడు గుర్తుపట్టగలిగే నలుపు తెలుపు గడుల స్టిక్కర్లు, తెలిసిన దూరంలో అతికించాం. ఒక్కొక్క గుర్తుకు నాలుగు మూలలు, మొత్తం 16 బిందువులు, కాబట్టి ఒక గుర్తు మీద చెయ్యి పడ్డా మిగతా పన్నెండుతో లెక్క నడుస్తుంది. మొదట గుర్తుల మధ్య 500 మిల్లీమీటర్లు పెట్టాను, 4000, 3000 పిక్సెళ్ల ఫొటోలో అడ్డం వైపు మిల్లీమీటరుకు 6 పిక్సెళ్లకు మించి రాలేదు. లీగల్ కాగితం 216, 356 మిల్లీమీటర్లే కదా, గుర్తులను 260, 400 దూరానికి దగ్గర చేస్తే 9కి పెరిగింది, అంటే అంగుళానికి 230కి దగ్గర. బొమ్మ సరైపోయాక నల్ల బండ మీద తెల్ల కాగితాన్ని వెతకడం ఓట్సు థ్రెషోల్డ్ (నలుపును, తెలుపును విడదీసే హద్దు తానే ఎంచుకునేది), కాగితం చుట్టూ పట్టే అతిచిన్న దీర్ఘచతురస్రం, అంతే. రెండు చోట్ల దెబ్బ తిన్నాను. ఆరుకో గుర్తు అంచు నల్లగా ఉంటుంది, నల్లబండ మీద చుట్టూ తెల్ల ఖాళీ వదలకుండా అతికిస్తే కోడుకు అసలు కనిపించదు. లామినేషన్ చేయిస్తే ట్యూబ్‌లైటు మెరుపుకు మళ్ళీ కనిపించదు. మెరుపు లేని స్టిక్కరు పేపరు వేశాం. ఒకరోజు ఆఫీసు ఊడ్చే అక్క ఫినాయిల్ పెట్టి శ్రద్ధగా తుడిచి రెండు గుర్తులు ఊడదీసింది, అందుకని ఇప్పుడు ఒక సెట్టు అదనంగా బీరువాలో ఉంటుంది.

సార్ గట్టిగా చెప్పిన ఒక షరతు: అసలు ఫైలును ముట్టుకోకూడదు. సరిచేసినది చదువుకోవడానికే, సాక్ష్యం కాదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 65బీ ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్, ఆ సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటి అంకె) కూడా రాయాలి అన్నారు. ఫైలు రాగానే దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ లెక్కగట్టి పక్కన రాసిపెట్టడం నాకు ఒక్క లైను పని, ఆయనకు మాత్రం మొత్తం సాఫ్ట్‌వేర్‌లో అన్నింటికంటే నచ్చింది అదే.

ఇప్పుడు ఆఫీసులో తీసిన ఫొటోలకు నా ఫోను మోగదు. పల్లెల నుంచి వచ్చేవాటికి రోజుకు ఒకటో రెండో చుక్కలు లాగాల్సి వస్తుంది. గుమస్తా అన్న పార్టీలందరికీ ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు: "కాగితాన్ని నల్లటి దాని మీద పెట్టి, పైనుంచి నిట్టనిలువుగా తీసి, డాక్యుమెంట్‌గా పంపండి." మొన్న డోన్ వైపు నుంచి ఒకాయన పంపిన ఫొటో నాకు వచ్చింది, మూలలు దొరకలేదని. కాగితాన్ని మోటార్ సైకిల్ సీటు మీద పరిచి తీశాడు. సీటు నల్లగానే ఉంది. కాగితం గుర్రం మీద జీనులా రెండు వైపులా వాలిపోయి ఉంది. "నల్లటి దాని మీద అన్నారు కద సార్" అన్నాడంట ఫోన్ చేస్తే. మెసేజ్‌లో "చదునుగా ఉన్న" అనే మాట కలిపి మళ్ళీ పంపించి, ఆ కాగితం ఇంకోసారి తీయించుకున్నాం.